టాక్రోలిమస్ రోజుకి 14 ఎంజీ, మన ఇండియన్స్‌కి డోసు ఎక్కువ పడుతుందా?

గోదారోడు_డల్లాస్

అందరికీ నమస్తే. నాకు కిడ్నీ మార్పిడి అయి ఇవాళ్టికి ఆరు వారాలు. ఉండేది డల్లాస్, వయసు 41, బరువు 68 కిలోలు. కిడ్నీ ఇచ్చింది మా అక్క. రాజమండ్రి నుంచి వచ్చి, ఇచ్చి, ఇంకా మా ఇంట్లోనే ఉంది, రోజూ నా మాత్రల డబ్బా కూడా తనే నింపుతుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.2 దగ్గర నిలబడింది, ఆ విషయంలో దేవుడి దయ.

గొడవంతా టాక్రోలిమస్‌తోనే, అదే, ఒళ్ళు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఇచ్చే మందు. ఆపరేషన్ అయ్యాక పొద్దున 3.5, రాత్రి 3.5 మొదలుపెట్టారు. నాలుగో రోజు రక్తంలో మందు లెవెల్ చూస్తే 3.8. వాళ్ళకి కావాల్సింది 8 నుంచి 10. సరే అని 5, 5 చేశారు, 5.6 వచ్చింది. తర్వాత 6, 6. ఇప్పుడు 7, 7, అంటే రోజుకి 14 ఎంజీ, దానికి లెవెల్ 8.4. ఈ మధ్యలో కోఆర్డినేటర్ మూడుసార్లు ఫోన్ చేసి "డోసులు ఏమైనా మర్చిపోతున్నారా" అని అడిగింది. మొదటిసారి మామూలుగా చెప్పాను, రెండోసారి నవ్వాను, మూడోసారి అక్క నింపిన డబ్బా ఫొటో తీసి పంపాను. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది.

క్లినిక్‌లో నాతో పాటు అదే వారంలో చేయించుకున్న తెల్లాయన ఒకాయన ఉన్నాడు, ఇంచుమించు నా ఒడ్డూ పొడుగే. ఆయనకి 2, 2 వేస్తేనే లెవెల్ 9 వస్తోందట. ఇంకో నల్లజాతి ఆవిడ ఉంది, ఆవిడకి 9, 9. నన్ను చూసి నవ్వి "నిన్ను కూడా అడిగారా, మాత్రలు వేసుకుంటున్నావా లేదా అని?" అంది. అప్పట్నుంచి బుర్రలో పురుగు దొలుస్తోంది. ఇది జాతిని బట్టి ఉంటుందా, మన ఇండియన్స్‌కి ఎక్కువ పడుతుందా? లేక అక్క కిడ్నీ వల్లా? 14 ఎంజీ ఏళ్ల తరబడి వేసుకుంటే కిడ్నీ ఏమవుతుంది? జన్యు పరీక్ష అంటున్నారు, చేయించుకోవాలా? సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళాలని కూడా ఉంది, అక్కడ చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

---

పెద్దాయన_నల్గొండ

బాబూ, 14 అంటే మరీ ఎక్కువ. నాకు మార్పిడి అయి తొమ్మిదేళ్లు, పొద్దున 1, రాత్రి 1, అంతే. క్రియాటినిన్ 1.3. ఈ మందు ఎక్కువైతే కిడ్నీకే విషం అని మా డాక్టరు గారే మొదట్లో చెప్పారు. అమెరికా వాళ్ళకి అన్నీ దండిగా ఇవ్వడం అలవాటు. మీ డాక్టరుతో గట్టిగా మాట్లాడి సగానికి తగ్గించమను. టెన్షన్ పడకు.

---

ఫార్మసీకిటికీ

పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ సలహా దయచేసి ఎవరూ పాటించకండి. ఆరు వారాల కిడ్నీకి టాక్రో సగం చేస్తే రిజెక్షన్‌ని (ఒళ్ళు కిడ్నీని తిరస్కరించడాన్ని) ఇంటికి పిలిచినట్టే.

నేను షికాగోలో ట్రాన్స్‌ప్లాంట్ ఫార్మసిస్ట్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. గోదారోడు గారూ, మీ లెక్కలు చూస్తుంటే నాకు వింతేమీ కనిపించడం లేదు. ఈ మందు విషం అయ్యేది రక్తంలో దాని మోతాదు ఎక్కువైనప్పుడు. నోట్లో ఎన్ని మాత్రలు వేసుకున్నారన్నది వేరే లెక్క. మీ రక్తంలో ఉన్నది 8.4, ఆ తెల్లాయన రక్తంలో 9. అంటే మీరు ఆయనకన్నా మూడున్నర రెట్లు మింగినా మీ కిడ్నీ చూస్తున్న మందు ఆయన కిడ్నీ చూస్తున్నదానికన్నా కాస్త తక్కువే. మిగతాది ఎటు పోయింది అంటే, మీ పేగు గోడలోనూ లివర్‌లోనూ సీవైపీ3ఏ5 అని ఒక ఎంజైమ్ ఉంటుంది, అది నమిలేస్తోంది. కొంతమందికి ఈ ఎంజైమ్ తయారుచేసే జన్యువు పనిచేస్తుంది, కొంతమందికి చేయదు. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తాయి కదా, పనిచేసేదాన్ని స్టార్ 1 అంటాం, పనిచేయనిదాన్ని స్టార్ 3. రెండూ స్టార్ 3 అయితే ఆ మనిషికి తక్కువ డోసు చాలు. ఒక్కటైనా స్టార్ 1 ఉంటే ఎక్కువ కావాలి.

ఇక్కడే జాతి సంగతి వస్తుంది. యూరప్ మూలాల వాళ్ళలో నూటికి తొంభై మంది దాకా రెండూ స్టార్ 3 వాళ్ళే. ఆఫ్రికా మూలాల వాళ్ళలో తిరగబడి ఉంటుంది, ఎక్కువమందికి పనిచేసే కాపీ ఉంటుంది. మామూలు మొదటి డోసు అంటే కిలోకి రోజుకి 0.1 ఎంజీ, మీకు ఇచ్చిన 7 ఎంజీ ఇంచుమించు అదే. అది ఎక్కువగా తెల్లవాళ్ళ మీద కుదిరిన లెక్క. నల్లవాళ్ళకి అదే లెవెల్ రావాలంటే డోసు ఎక్కువ కావాలని 1990ల్లోనే ఇక్కడి డాక్టర్లు గమనించారు, మందు లేబుల్ మీద కూడా ఆ మాట ఉంది. అయినా లెవెల్ తక్కువ వస్తే మొదటి అనుమానం మాత్రలు ఎగ్గొడుతున్నారనే. ఆవిడ నవ్వింది చూశారా, ఆ నవ్వు వెనక చాలా ఏళ్ల చరిత్ర ఉంది. నా సహోద్యోగులు కూడా అలా అడుగుతారు, నేనూ ఒకప్పుడు అడిగాను, ఇప్పుడు అడగడానికి ముందు లెవెళ్ల పట్టిక చూస్తాను. డోసు పెంచిన ప్రతిసారీ లెవెల్ దానికి తగ్గట్టే పెరుగుతుంటే (మీది 3.8, 5.6, 8.4) ఆ మనిషి మాత్రలు వేసుకుంటున్నట్టే. ఎగ్గొట్టేవాళ్ళ లెవెల్ ఒకరోజు 3, ఒకరోజు 11 అని గంతులేస్తుంది.

ఇంకోటి, జన్యువు బట్టి డోసు ఎలా వెయ్యాలో 2015లో సీపీఐసీ (జన్యువుల్ని బట్టి మందుల డోసులు సూచించే నిపుణుల బృందం) వాళ్ళు గైడ్‌లైన్ ఇచ్చారు. పనిచేసే కాపీ ఉన్నవాళ్ళకి మామూలు మొదటి డోసుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, కానీ కిలోకి రోజుకి 0.3 దాటకూడదు. మీ బరువుకి లెక్క కట్టండి: 10 నుంచి 13.6. మీరు ఆగింది 14 దగ్గర. పరీక్ష లేకుండానే మీ డాక్టర్లు తడుముకుంటూ సరైన చోటికే వచ్చారు, కాకపోతే రెండు మూడు వారాలు ఆలస్యంగా.

---

జన్యుపురుగు

ఫార్మసీకిటికీ గారు చెప్పిందంతా కరెక్టే, కానీ "ఇండియన్స్‌కి ఎక్కువ పడుతుందా" అన్న ప్రశ్నకి సూటిగా జవాబు రాలేదు. దానికి ఒక సరదా సంగతి. 2015లో పూర్తయిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 26 జనసమూహాల నుంచి 2,504 మంది జన్యువులు చదివారు. అందులో ఒక సమూహం పేరు ఐటీయూ, అంటే యూకేలో ఉండే తెలుగువాళ్ళు! 102 మంది. గుజరాతీలని హ్యూస్టన్‌లో తీసుకున్నారు, శ్రీలంక తమిళుల్ని కూడా యూకేలోనే, పంజాబీల్ని లాహోర్‌లో, బెంగాలీల్ని బంగ్లాదేశ్‌లో. ఈ డేటా ఎవరైనా చూసుకోవచ్చు.

ఈ ఐదు దక్షిణాసియా సమూహాలూ కలిపి చూస్తే మూడు కాపీల్లో రెండు స్టార్ 3, అంటే పనిచేయనివి. దాన్ని మనుషుల లెక్కలోకి మారిస్తే నూరు మందిలో దాదాపు 55 మందికి పనిచేసే కాపీ కనీసం ఒకటి ఉంటుంది, 45 మందికి ఒక్కటీ ఉండదు. చైనా, జపాన్ వైపు కూడా సుమారు సగం సగమే. అంటే మనం తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ సరిగ్గా మధ్యలో ఉన్నాం. మధ్యలో ఉండటం అంటే అందరికీ మధ్యరకం డోసు అని కాదు, సగం మంది ఇటు, సగం మంది అటు. "ఇండియన్" అన్న మాట డోసు విషయంలో బొమ్మా బొరుసా వేసినంత పనికొస్తుంది. తెల్లాయన్ని చూసి తక్కువ డోసు చాలని అనుకుంటే తొంభై శాతం సార్లు నెగ్గుతారు, మనల్ని చూసి ఏమనుకున్నా సగం సార్లు తప్పే. అందుకే జాతిని బట్టి ఊహించడం అందరికన్నా ఎక్కువగా పనిచేయనిది మన దగ్గరే.

ఆ 102 మందిని చూసి తెలుగువాళ్ళంతా ఇంతే అనుకోకండి. మనవి కులం లోపలి పెళ్ళిళ్ళు, మేనరికాలు. పక్కపక్క వీధుల్లో ఉండే రెండు కుటుంబాల లెక్కలు కూడా వేరుగా ఉండొచ్చు.

---

రెండోజన్మ_బెజవాడ

అన్నా, పక్క వీధి దాకా ఎందుకు, ఒక్క ఇంట్లోనే తేడా నేను చూపిస్తా. మాది వంశపారంపర్యంగా వచ్చే పాలీసిస్టిక్ కిడ్నీ, అంటే కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు. నాకు 2017లో మార్పిడి, మా తమ్ముడికి 2021లో. ఒకే అమ్మానాన్న, ఒకే వంట, బరువులో నాలుగు కిలోల తేడా. నాకు 5, 5 వేస్తే లెవెల్ 6. వాడికి 1.5, 1.5 వేస్తే 6.5. మొదట్లో వాడికి నా డోసు చూసి భయం, నాకు వాడి డోసు చూసి భయం. మా అమ్మ అయితే "పెద్దోడికి మందు పట్టట్లేదు" అని మొక్కులు కూడా మొక్కింది.

జన్యుపురుగు గారు చెప్పింది చదివాక ఇప్పుడు అర్థమైంది, అమ్మకీ నాన్నకీ ఒక్కో కాపీ పనిచేసేది ఉండి ఉంటే నాకు మంచివి వచ్చి వాడికి రెండూ చెడ్డవి వచ్చుండొచ్చు. మంచివి అంటున్నా గానీ ఈ విషయంలో చెడ్డవే నయం, వాడికి నెలకి మందుల ఖర్చు నాకన్నా చాలా తక్కువ.

ఇంకో మాట, లెవెల్ పరీక్షకి రక్తం ఇచ్చే రోజు మాత్ర వేసుకోకుండా వెళ్ళాలి, ఇచ్చాకే వేసుకోవాలి. కొత్తలో ఒకసారి అలవాటుగా పొద్దున ఎనిమిదింటికి వేసేసుకుని పదింటికి రక్తం ఇచ్చా. లెవెల్ 24 వచ్చింది. అక్కడి కుర్ర డాక్టరు కంగారుపడి డోసు సగం చేసేశాడు, ఎన్నింటికి వేసుకున్నారు అని ఎవరూ అడగలేదు. నాలుగు రోజుల తర్వాత 2.9. ఆ వారం నిద్ర లేదు. అప్పట్నుంచి ఊదా మూత గొట్టంలోకి రక్తం తీసేముందు "రాత్రి ఎనిమిదికి వేసుకున్నాను, ఇంకా పొద్దుటిది వేసుకోలేదు" అని నేనే చెప్పి చీటీ మీద రాయిస్తా.

---

పెద్దాయన_నల్గొండ

ఫార్మసీ అమ్మాయి చెప్పింది నిజమే కావచ్చు, నేను తొందరపడ్డాను. కానీ నా 1, 1 సంగతి ఏమిటి? లెవెల్ 5 దగ్గరే ఉంటుంది. మొదటి నుంచీ డిల్టియాజెమ్ అని బీపీ మాత్ర కూడా రెండు పూటలా వేసుకుంటున్నాను, అది తప్ప మిగతావన్నీ అందరికీ ఇచ్చేవే.

---

నెఫ్రో_హైదరాబాద్

పెద్దాయన గారూ, గుట్టంతా ఆ బీపీ మాత్రలోనే ఉంది. డిల్టియాజెమ్ ఈ ఎంజైమ్ కుటుంబాన్ని అణచిపెడుతుంది, అప్పుడు తక్కువ టాక్రోతోనే లెవెల్ నిలబడుతుంది. టాక్రోలిమస్ ఖరీదైన రోజుల్లో మన దేశంలో చాలాచోట్ల కావాలనే డిల్టియాజెమ్ గానీ కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు గానీ కలిపి ఇచ్చేవాళ్ళం, ఇప్పటికీ కొందరు ఇస్తారు. బీపీ తగ్గుతుంది, జేబు మీదా భారం తగ్గుతుంది. అందుకే హైదరాబాద్ డోసుని డల్లాస్ డోసుతో పోల్చి "ఇండియన్స్‌కి తక్కువ చాలు" అనుకోవడం కూడా పొరపాటే, పక్కన ఏ మాత్ర ఉందో చూడాలి. ఒక్క హెచ్చరిక: ఎవరైనా కొత్త డాక్టరు ఆ డిల్టియాజెమ్ తీసేసి వేరే బీపీ మాత్ర రాస్తే మీ టాక్రో లెవెల్ పడిపోతుంది. ఆ రోజే మీ నెఫ్రాలజిస్ట్‌కి ఫోన్ చేయండి.

గోదారోడు గారూ, అక్క కిడ్నీ సంగతి: కిడ్నీ మార్పిడిలో ఈ డోసుని నడిపేది ప్రధానంగా మీ పేగు, మీ లివర్. లివర్ మార్పిడి అయితే కథ వేరు, అక్కడ వచ్చే లివర్ దాత జన్యువుతో పనిచేస్తుంది కాబట్టి దాత పరీక్ష కూడా లెక్కలోకి వస్తుంది. మీ అక్క నిర్దోషి.

జన్యు పరీక్ష గురించి నాకు అంత ఉత్సాహం లేదు, ఎందుకో చెప్తాను. 2010లో ఫ్రాన్స్ వాళ్ళు ట్రయల్ చేశారు. జన్యువు చూసి డోసు మొదలుపెట్టిన వాళ్ళలో ఎక్కువమంది త్వరగా సరైన లెవెల్‌కి వచ్చారు, కానీ రిజెక్షన్‌లో తేడా రాలేదు. 2016లో నెదర్లాండ్స్ ట్రయల్‌లో లెవెల్ అందుకోవడంలో కూడా తేడా కనపడలేదు. వాటిలో ఎక్కువమంది తెల్లవాళ్ళే, సగం సగం ఉన్న మన జనంలో ఫలితం ఇంకోలా ఉండొచ్చని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనలో పస ఉంది. ఆపరేషన్‌కి ముందే చేయిస్తే కాస్త లాభం. మీకు ఆరు వారాలు దాటాయి, ఆ పద్నాలుగు ఎంజీలే మీ రిపోర్టు.

రాజమండ్రి ప్రయాణానికి: పంపరపనస ముట్టుకోకండి, సంక్రాంతి రోజుల్లో ఎవరో ఒకరు ఒలిచి చేతిలో పెడతారు, దానివల్ల లెవెల్ పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుంటే మందు పోతుందనుకుంటారు, నిజానికి టాక్రో లెవెల్ చాలాసార్లు పెరుగుతుంది, చేతులు వణకడం మొదలైతే అనుమానించండి. గొంతు నొప్పికి మెడికల్ షాపు అతను క్లారిత్రోమైసిన్ ఇస్తే వద్దనండి, ఫంగస్‌కి ఫ్లుకొనజోల్ కూడా అంతే, రెండూ లెవెల్ పెంచేవే. దీనికి ఎదురు రిఫాంపిసిన్. మన దగ్గర మార్పిడి అయినవాళ్ళకి టీబీ రావడం మామూలు, రిఫాంపిసిన్ మొదలుపెడితే ఎంజైమ్ రెచ్చిపోయి టాక్రో ఎంత పోసినా నిలవదు. బ్రాండు మార్చకండి, మొత్తం రోజులకి సరిపడా డల్లాస్ నుంచే తెచ్చుకోండి, చేతి సంచిలో పెట్టుకోండి.

---

అమ్మకోసం

టాపిక్ కొంచెం పక్కకి వెళ్తుంది కానీ ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నా. మా అమ్మకి మార్పిడి అయిన మూడో ఏట మైకోఫెనోలేట్ ఖర్చు భరించలేక అజాథియోప్రిన్‌కి మార్పించుకున్నాం (రెండూ రిజెక్షన్ రాకుండా టాక్రోతో పాటు ఇచ్చే మందులే). మూడో వారంలో దువ్వెన నిండా జుట్టు. తల దువ్విన ప్రతిసారీ పిడికెడు వచ్చేది, అమ్మ దాన్ని చుట్ట చుట్టి పేపర్లో దాచేది, నాకు కనపడకుండా. తర్వాత జ్వరం, తెల్ల రక్తకణాలు 1,400. పది రోజులు ఆసుపత్రిలో. మందు మొదలుపెట్టేముందు టీపీఎంటీ పరీక్ష (ఈ మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే జన్యు పరీక్ష) చేయించాం, నార్మల్ అన్నారు కూడా.

తర్వాత వేరే డాక్టరు గారు చెప్పారు, టీపీఎంటీ తేడా ఎక్కువగా కనపడేది తెల్లవాళ్ళలోనట, ఆసియా వాళ్ళలో దెబ్బ కొట్టేది నడ్‌టీ15 అనే ఇంకో జన్యువు. అది 2014లో కొరియా పేషెంట్లలో బయటపడింది. మన దక్షిణాసియా వాళ్ళలో కూడా నూటికి పది పన్నెండు మందిలో ఉంటుందట. అంటే పరీక్ష చేయించినా, పక్కవాళ్ళ జబ్బుకి చేసే పరీక్ష చేయించామన్నమాట. అజాథియోప్రిన్ రాస్తే నడ్‌టీ15 అడగండి, లేదా మొదటి రెండు నెలలు రక్తకణాల పరీక్ష తరచుగా చేయించండి. జుట్టు ఒక్కసారిగా ఊడితే ఆగకండి.

---

ఫార్మసీకిటికీ

అమ్మకోసం గారూ, ఇది పక్క టాపిక్ కానే కాదు. అదే సంగతి తిరగేసి చూపించారు. టాక్రోలో మనకి ఎక్కువ కావాల్సి రావచ్చు, అజాథియోప్రిన్‌లో కొందరు తక్కువ డోసు కూడా తట్టుకోలేరు.

నెఫ్రో గారితో ఒక్క చోట విభేదిస్తాను. లెవెల్ తెలిశాక డోసు కోసం జన్యు పరీక్ష అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ చార్ట్‌లో ఆ ముక్క ఉంటే మళ్ళీ ఎవరూ "మాత్రలు వేసుకుంటున్నావా" అని అడగరు. ఆ మాట ఎన్నిసార్లు పడితే మనిషి క్లినిక్‌కి రావడం తగ్గిస్తాడో నేను చూశాను. అమెరికాలో కిడ్నీ పనితీరు లెక్కగట్టే ఫార్ములాలో కూడా నల్లవాళ్ళకి వేరే గుణకం పెట్టేవారు, దానివల్ల వాళ్ళ కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనపడి వెయిటింగ్ లిస్టులోకి ఆలస్యంగా చేరేవాళ్ళు. 2021లో ఆ గుణకం లేని ఫార్ములా వచ్చింది, 2023 నుంచి పాత లెక్క వల్ల పోయిన వెయిటింగ్ సమయాన్ని తిరిగి కలుపుతున్నారు. ఆ ఫార్ములాలో జాతి తీసేయాలన్నది నా మాటే, టాక్రో లేబుల్ మీద మాత్రం ఉంచితే నయమే, కనీసం ఎవరో ఒకరు డోసు పెంచాలని గుర్తుపెట్టుకుంటారు. రెంటికీ పొంతన లేదంటారా? లేదు, ఒప్పుకుంటున్నా. జన్యువు చూసే రోజు అన్నిచోట్లా వచ్చేదాకా ఇలాగే ఉంటుంది.

---

గోదారోడు_డల్లాస్

అందరికీ పేరుపేరునా థాంక్స్. పెద్దాయన గారూ, మీరు రాసింది చదివి ఆ రాత్రి నిజంగానే ఒక పూట తగ్గిద్దామా అనిపించింది, అక్క డబ్బా లాక్కుంది.

అప్‌డేట్: డాక్టరుని అడిగితే అక్కర్లేదు అంటూనే పరీక్ష రాశాడు, రిపోర్టు నిన్న వచ్చింది. స్టార్ 1, స్టార్ 3. ఒకటి పనిచేసేది, ఒకటి చేయనిది. ఆ కాగితం కోఆర్డినేటర్‌కి పంపాను, ఏమీ రాయలేదు, కానీ ఈ వారం లెవెల్ 7.9 వస్తే ఫోన్‌లో ఏమీ అడక్కుండా "అలాగే కొనసాగించండి" అంది. క్లినిక్‌లో ఆవిడకి కూడా చెప్పాను, తనూ అడుగుతానంది.

రాజమండ్రిలో ఉన్నప్పుడు లెవెల్ ఎక్కడ చేయించాలో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

---

రెండోజన్మ_బెజవాడ

అన్నా, రాజమండ్రిలో పెద్ద ల్యాబుల కలెక్షన్ సెంటర్లు తీసుకుంటాయి గానీ మా బంధువులకి చేయించినప్పుడు శాంపిల్ హైదరాబాద్ పంపారు, రెండు రోజులు పట్టింది. శుక్ర, శనివారాల్లో ఇవ్వకు, రిజల్ట్ మంగళవారం దాకా రాదు. పండగ మూడు రోజులూ అసలే వద్దు, సోమవారం పొద్దున్నే మాత్ర వేసుకోకుండా వెళ్ళు, మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళు, ఇచ్చిన వెంటనే అక్కడే వేసుకో. అక్కకి నా నమస్కారాలు చెప్పు.